‘ఇట్ సీమ్స్’ అని రాస్తే కప్పు కారలేదు

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట అడిగాను. కనిపించడం, అనిపించడం, ‘ఉన్నట్టుంది’, ‘లెక్క’... ఇట్లాంటివి ఇంగ్లిషులో చెప్పబోయి ఎక్కడ తడబడుతున్నారో రాయమన్నాను. ఉత్తరాలు చాలానే వచ్చాయి. నల్లగొండ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చొని, మూడు చాయలు తాగి, వీటిని ఏరాను. మిగతావాళ్లు కోపం చేసుకోవద్దు.

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో కొత్తగా చేరాను. ఒక కస్టమర్‌కు ‘యువర్ పార్శిల్ ఈజ్ డిలేడ్, ఇట్ సీమ్స్’ అని చెప్పాను. ఆమె ‘సీమ్స్? డోంట్ యూ నో?’ అని గట్టిగా అరిచింది. నేను అబద్ధం చెప్పలేదు. స్క్రీన్ మీద ఉన్నదే చెప్పాను. మా టీమ్ లీడర్ కూడా నన్నే తప్పు పడుతున్నాడు. నా తప్పేంటి? – డిగ్రీ పాసైన అమ్మాయి, నకిరేకల్

నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు తెలుగులో నిజం చెప్పినవు, అది ఇంగ్లిషులో అనుమానమై ఆమె చెవిన పడ్డది.

వానాకాలంలో మీ ఇంట్లో వినే రెండు మాటలు గుర్తు తెచ్చుకో. మీ అమ్మ వాకిట్ల నిలబడి మబ్బు దిక్కు చూసి ‘వానొచ్చేటట్టున్నది, బట్టలు తియ్యి’ అంటది. పక్కింటామె వచ్చి ‘రేపు వానొస్తదంట’ అంటది. మొదటి మాట కంటితో చూసి, మనసులో లెక్క వేసుకొని చెప్పింది. రెండోది ఎవరో చెప్పగా విని చెప్పింది. టీవీలో చెప్పారో, బావి కాడ అనుకున్నారో, ఆ మాట పూచీ మాత్రం ఆమెది కాదు. మన భాషలో ఈ రెండూ ఎన్నడూ కలవవు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా ‘అంట’ పెట్టాల్సిన చోట ‘ఉన్నట్టుంది’ పెట్టదు. ‘పెండ్లి కుదిరిందంట’ అంటే కబురు. ‘పెండ్లి కుదిరినట్టున్నది’ అంటే ఆ ఇంటి ముందర వంటపాత్రలు దింపుతుండగా చూసినట్టు.

ఇంగ్లిషోళ్ల ‘ఇట్ సీమ్స్’ మన ‘ఉన్నట్టుంది’కి చుట్టం. గుర్తులు చూసి, నాకు ఇట్లా తోస్తున్నది, ఖాయంగా చెప్పలేను అనే అర్థం. మనం దాన్ని పట్టుకొచ్చి ‘అంట’ కుర్చీలో కూర్చోబెట్టాం. ‘అంట’ మాట చివర వస్తుంది కాబట్టి దీన్నీ చివరనే తగిలించాం. ‘హీ ఈజ్ గెటింగ్ మ్యారీడ్, ఇట్ సీమ్స్.’ ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. కన్నడ వాళ్లకు ‘అంతె’ ఉన్నది, తమిళులకు మాట చివర ‘ఆమ్’ ఉన్నది. అందుకే బెంగళూరు, చెన్నైలలో కూడా ఈ ‘ఇట్ సీమ్స్’ ఇట్లాగే తోకలాగా వినిపిస్తుంది. దక్షిణాదివాళ్లం నలుగురం కూర్చొని మాట్లాడుకునేటప్పుడు దీంతో ఇబ్బందే లేదు, అందరికీ తెలుస్తుంది. ఫోన్‌లో అటుపక్క ఉన్నామె ఎక్కడిదో కాబట్టి ఆమెకు ‘మీ పార్శిల్ లేటయినట్టుంది’ అని వినిపించింది. లేటయిందో లేదో కూడా తెలియనిదాన్ని నా నెత్తిన పెట్టారేంటని అరిచింది.

మరి ‘అంట’ను ఎట్లా చెప్పాలె? ఒక్క మాటతో పని కాదు. ఎవరు చెప్పారన్న దాన్నిబట్టి మారుతుంది. ఊరి కబురైతే ‘ఐ హియర్ హీ ఈజ్ గెటింగ్ మ్యారీడ్’. బాధ్యత గల మనిషి చెప్పిందైతే ‘ఐ యామ్ టోల్డ్’. లోకమంతా అనుకునేదైతే ‘దే సే’ అనొచ్చు, పుస్తకం భాష కావాలంటే ‘ఇట్ ఈజ్ సెడ్’. ‘ఇయ్యాల కరెంట్ ఆఫీసు తెరిచి ఉండాలంట’ లాంటివాటికి ‘సపోజ్డ్ టు బీ ఓపెన్’. అన్నిటికన్నా మన ‘అంట’కు దగ్గరగా వచ్చేది ‘అపారెంట్లీ’. విన్నాను, నేనైతే చూడలేదు, ఆపైన మీ ఇష్టం అనే ఆ భుజం ఎగరేసే గుణం దానికి ఉన్నది. ‘అపారెంట్లీ, హీ ఈజ్ గెటింగ్ మ్యారీడ్.’ ఇది వాక్యం ముందర పెట్టినా, చివర పెట్టినా చెల్లుతుంది.

కానీ కస్టమర్‌తో అదీ వద్దు. ఆమెకు నీ భుజం ఎగరేయడం అక్కరలేదు. ‘అవర్ రికార్డ్స్ షో దట్ యువర్ పార్శిల్ హాజ్ బీన్ డిలేడ్’ అని చెప్పు. చూసింది స్క్రీన్, చెప్పింది స్క్రీన్. ‘అంట’లో దాక్కున్న ఆ మూడో మనిషిని పేరు పెట్టి బయటికి పిలిచినట్టు.

నువ్వు ఫోన్‌లో తిట్లు తిన్నవు. నేనైతే ఒక వానాకాలమే పోగొట్టుకున్న. దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో హైస్కూల్‌కు ఇన్‌చార్జి హెడ్‌మాస్టర్‌గా ఉన్నప్పటి ముచ్చట. తొమ్మిదో తరగతి గది కప్పు కారుతున్నదని అటెండర్ వచ్చి చెప్పాడు. నేను ఇంకా చూడలేదు, కాబట్టి ‘కారుతున్నదంట’. నిజాయితీగా పై ఆఫీసుకు ‘ఇట్ సీమ్స్ ద రూఫ్ ఆఫ్ ద నైన్త్ క్లాస్ రూమ్ ఈజ్ లీకింగ్’ అని రాశాను. అప్పట్లో నా ఇంగ్లిషు మీద నాకు గర్వం కూడా ఉండె. పదిహేను రోజులకు కాగితం తిరిగొచ్చింది. ‘సీమ్స్’ కింద ఎర్ర సిరాతో రెండు గీతలు, పక్కన ‘కారుతున్నదా లేదా నిర్ధారించుకొని మళ్లీ రాయండి’ అని ఒక ముక్క. ఆ ముక్క రాసిన ఆఫీసరు కూడా మనవాడే. నోటితో మాట్లాడేటప్పుడు పొద్దంతా ‘ఇట్ సీమ్స్, ఇట్ సీమ్స్’ అనే మనిషే. కాగితం మీదికి వచ్చేసరికి ఆయనకు డిక్షనరీ గుర్తొచ్చింది.

నేను పోయి చూస్తే కప్పు రెండు చోట్ల ధారగా కారుతున్నది. వంటామె ఇచ్చిన అల్యూమినియం బేసిన్లు రెండు కింద పెట్టారు. బోర్డు మీద ముందురోజు రాసిన లెక్క సగం కడిగిపోయి, తెల్లటి చార నేల దాకా దిగింది. ఈసారి ‘ఐ హావ్ సీన్ ద రూఫ్ లీకింగ్ ఇన్ టూ ప్లేసెస్’ అని రాశాను. డబ్బు మంజూరయ్యేసరికి వానలు వెనక్కి పోయినయ్. పిల్లలు ఆ కాలమంతా వరండాలో, పట్టా కట్టుకొని కూర్చున్నారు. అప్పటినుంచి నేను ‘సీమ్స్’ రాయబోయే ముందు ఇది నేను చూసిందా, విన్నదా అని ఒకసారి ఆగుతాను.

ప్రశ్న: ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’ అని రాస్తే మార్కు కొట్టేశారు. ‘షీ సింగ్స్ బ్యూటిఫుల్లీ’ అంటే మాత్రం కరెక్టట. రెండూ అందంగానే కదా సార్? – ఇంటర్ విద్యార్థి, వనపర్తి

దొంగ ఎవరో నీ ప్రశ్నలోనే ఉన్నాడు. ‘అందంగా’లోని ‘గా’. మనకు ‘అందంగా పాడింది’లోనూ అదే ‘గా’, ‘అందంగా ఉన్నది’లోనూ అదే ‘గా’. ఒకచోట అది పాడే పనికి అతుక్కున్నది, ఇంకోచోట మనిషికి అతుక్కున్నది. తెలుగు ఈ తేడాను పైకి చూపించదు. ఇంగ్లిషు చూపిస్తుంది. పనికి అతికితే ‘బ్యూటిఫుల్లీ’, మనిషికి అతికితే ఉత్త ‘బ్యూటిఫుల్’.

నా శిష్యులకు చెప్పిన చిట్కా నీకూ చెప్తున్నా. ‘లుక్స్’ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడు. ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’ నిలబడింది. ‘షీ ఈజ్ బ్యూటిఫుల్లీ’ కూలింది. ‘ఈజ్’ పెట్టినా వాక్యం నిలబడితే ‘లీ’ అక్కర్లేదు. సీమ్, అపియర్, లుక్, సౌండ్, ఫీల్, స్మెల్, టేస్ట్... అన్నిటికీ ఇదే.

కానీ ఈ మాటలకు రెండో బతుకు కూడా ఉన్నది, అక్కడ జాగ్రత్త. పచ్చిపులుసు కలిపి మీ అమ్మ కొంచెం అరచేతిలో పోసుకొని, కళ్లు మూసుకొని రుచి చూస్తది కదా. అది పని. ‘మదర్ టేస్టెడ్ ఇట్ కేర్‌ఫుల్లీ.’ అదే పులుసు గురించి చెప్పేటప్పుడు ‘ఇట్ టేస్టెడ్ సవర్’. పులుసు పని చేయట్లేదు, గిన్నెలో ఊరికే ఉన్నది. అందుకే ‘లీ’ లేదు. ‘హీ లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’ కూడా కరెక్టే, ఆయన కండ్లు పని చేస్తున్నాయి. ‘హీ లుక్డ్ యాంగ్రీ’ అంటే కండ్లు నావి, కోపం ఆయనది.

పరీక్ష రాసేటప్పుడు పచ్చిపులుసు గుర్తు పెట్టుకో, సరిపోతుంది.

ప్రశ్న: నేను ట్యాక్సీ నడుపుతాను. బండి ఎడమ అద్దం మీద ‘ఆబ్జెక్ట్స్ ఇన్ మిర్రర్ ఆర్ క్లోజర్ దేన్ దే అపియర్’ అని ఉంటుంది. పదేండ్ల నుంచి చదువుతున్నా. దగ్గర్నే ఉంటే దగ్గర్నే కనిపించాలె కదా? – డ్రైవర్, జడ్చర్ల

అన్నా, మీరు పదేండ్ల నుంచి చదువుతున్నది ఈ పేజీలో వచ్చినవాటన్నిటికన్నా పనికొచ్చే ఇంగ్లిషు వాక్యం. తెలుగులో చెప్తే, అద్దంలో ఎంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తున్నాయో, బండ్లు నిజానికి అంతకన్నా దగ్గర్నే ఉన్నాయి.

ఆ అద్దం సాఫుగా ఉండదు, బయటికి కొద్దిగా ఉబ్బి ఉంటది. ఉబ్బడం వల్ల పక్కనంతా ఎక్కువ మేర కనిపిస్తది. అందుకే ఆ అద్దం పెట్టేది. దానికి బదులు చెల్లించాల్సింది ఏందంటే, ప్రతి బండీ చిన్నగా కనిపిస్తది. మన బుర్రకేమో చిన్నగా కనిపించేది దూరంగా ఉన్నదని అనుకోవడం అలవాటు. జడ్చర్ల దాటి 44 నంబర్ హైవే ఎక్కినంక వెనక లారీ అగ్గిపెట్టె అంత కనిపించింది కదా అని లేన్ మారిస్తే ఏమైతదో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇంగ్లిషు సంగతికొస్తే, ఇక్కడ ‘ఆర్’ నిజం, ‘అపియర్’ కంటి మాట. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచింది ‘దేన్’. మీరు ఇదే అచ్చును మీ బేరాలకు వాడుకోవచ్చు. ‘ద రోడ్ ఈజ్ లాంగర్ దేన్ ఇట్ లుక్స్.’ ‘హీ ఈజ్ ఓల్డర్ దేన్ హీ లుక్స్.’ రెండోది ప్యాసింజర్‌కు చెప్తే టిప్పు కూడా దొరకొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఏం చెప్పినా ‘సౌండ్స్ గుడ్’ అంటడు. పెండ్లి సంబంధం గురించి చెప్పినా అదే. శబ్దం బాగుండుడేంది? – ఒక తల్లి, మిర్యాలగూడ

శబ్దం కాదమ్మా. చెప్తుంటే బాగానే అనిపిస్తున్నది, ఇంకా కంటితో చూడలేదు అని. పిల్ల ఫొటో పంపండి. ‘లుక్స్ గుడ్’ అన్నాడంటే ముహూర్తం సంగతి ఆలోచించొచ్చు.

ప్రశ్న: మా దగ్గర ‘లెక్క’ అంటే చాలు, అన్ని పనులూ అయితయి. ‘మీ నాయన లెక్కనే ఉన్నవ్’, ‘సర్పంచ్ లెక్క మాట్లాడకు’. ఇంగ్లిషులో ‘లైక్’ పెట్టాల్నా, ‘యాజ్’ పెట్టాల్నా, ‘యాజ్ ఇఫ్’ పెట్టాల్నా అర్థం కాదు. – టీచర్, కల్వకుర్తి

మంచి ప్రశ్న, అందుకే మంచి ఊళ్లోనే జవాబు చెప్పుకుందాం. ఏ ఊరని అడగొద్దు, మన దగ్గర ఇట్లాంటివి చాలా ఉన్నాయి. ఆ ఊళ్లో సర్పంచ్ ఒక ఆడమనిషి. గ్రామసభలో మాట్లాడేది మాత్రం ఆమె భర్త.

ఆమె లేచి మాట్లాడితే ‘షీ స్పీక్స్ యాజ్ ద సర్పంచ్’. సర్పంచ్‌గా, ఆ హోదాలో అని. ఆయన మాట్లాడితే ‘హీ స్పీక్స్ లైక్ ద సర్పంచ్’. సర్పంచ్ లెక్క, అంటే కాదన్నట్టే. ఇంకొంచెం పొడవాలనుకుంటే ‘హీ స్పీక్స్ యాజ్ ఇఫ్ హీ వర్ ద సర్పంచ్’. ఆ ‘వర్’ను చూడండి. ఒక్కడి పక్కన ‘వాజ్’ రావాలె కదా, ‘వర్’ ఎందుకొచ్చింది? ఉన్నది కాదు, ఊహించుకున్నది అని చెప్పడానికి. వాడుకలో ‘వాజ్’ కూడా అంటారు, తప్పేం లేదు. కానీ కాగితం మీద ‘వర్’ పెడితే ఎకసెక్కం బాగా పండుతుంది. అదే, అనుకున్నది నిజమే కావొచ్చు అనిపిస్తే ‘వర్’ వద్దు. ‘హీ లుక్స్ యాజ్ ఇఫ్ హీ ఈజ్ ఇల్.’ జ్వరం ఉన్నా ఉండొచ్చు.

ఇక ‘లైక్’ వెనక పేరు వస్తుంది, ‘యాజ్ ఇఫ్’ వెనక పూర్తి వాక్యం వస్తుంది. పాలమూరు పిల్లలమర్రిని తీసుకోండి. ఏడువందల ఏండ్ల చెట్టని చెప్తారు. దూరం నుంచి చూస్తే పచ్చటి చిన్న గుట్ట లెక్క ఉంటది. ‘ఫ్రమ్ ఎ డిస్టెన్స్ ఇట్ లుక్స్ లైక్ ఎ స్మాల్ హిల్.’ గుట్ట అనేది పేరు, ‘లైక్’ సరిపోయింది. 2018లో ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే, మందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాల్లో పోసి, సన్నటి పైపులతో కాండంలోకి బొట్టుబొట్టుగా ఎక్కించారు. కొమ్మకొమ్మకూ వేలాడే సీసాలు పేపర్లలో మీరూ చూసే ఉంటారు. ‘ద ట్రీ లుక్డ్ యాజ్ ఇఫ్ ఇట్ హాడ్ బీన్ అడ్మిటెడ్ టు ఎ హాస్పిటల్.’ ఇక్కడ వెనక వచ్చింది పూర్తి వాక్యం. మాటల్లో దీనికి కూడా ‘లైక్’ వాడేస్తున్నారు, ‘ఇట్ లుక్స్ లైక్ ఇట్ విల్ రెయిన్’ అని. ఇప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోరు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లలో కొందరు మాత్రం ఇంకా పట్టించుకుంటారు, నాలాంటి ముసలోళ్లు.

ఎప్పటికీ కుదరనిది ఒకటే. ‘హీ లుక్స్ లైక్ టైర్డ్.’ మీ ఎనిమిదో తరగతి పిల్లలు ఇది రాస్తున్నారని రాశారు. ‘అలసిపోయినట్టు కనిపిస్తున్నాడు’లోని ‘నట్టు’ను ‘లైక్’ చేశారు వాళ్లు. ‘టైర్డ్’ పేరు కాదు, వాక్యమూ కాదు. ‘హీ లుక్స్ టైర్డ్’ చాలు. ‘నట్టు’కు అక్కడ ఇంగ్లిషులో మాటే లేదని చెప్పండి, వింటారు.

ప్రశ్న: ఫోన్‌లో ఎండ 36 అని చూపిస్తూ కింద ‘ఫీల్స్ లైక్ 42’ అని వేస్తుంది. ఏది నమ్మాలి? ఎవరికి ఫీల్స్ లైక్? – గృహిణి, నాగర్‌కర్నూల్

రెండూ నమ్మొచ్చు. పైది గాలి వేడి, కిందిది ఒంటికి తెలిసే వేడి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, అప్పుడు ఉన్న వేడికన్నా ఎక్కువ వేడి అనిపిస్తుంది. ఈ లెక్కకు దారి వేసింది 1979లో స్టెడ్‌మన్ అనే ఆయన. శాస్త్రం వాళ్లు దీన్ని ‘అపారెంట్ టెంపరేచర్’ అంటారు. తొలకరి పడ్డాక జూన్‌లో ఫోన్‌లో కనిపించేది ఇదే. మే నెలలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. అప్పుడు చూడండి, ఒక్కోసారి ‘ఫీల్స్ లైక్’ అసలు వేడి కన్నా తక్కువే చూపిస్తుంది. అట్లాగని ఎండలో తిరగొద్దు, వడదెబ్బకు ఫోన్ అడ్డం రాదు.

‘ఎవరికి?’ అని అడిగారు చూడండి, అదీ తెలుగు బుర్ర అంటే. మనం ‘ఒంటికి’ అనో ‘నాకు’ అనో చెప్పకుండా ఆ మాట పూర్తి చేయం. ఇంగ్లిషు చెప్పకుండా వదిలేస్తుంది. చెప్పాలనుకుంటే ‘టు మీ’ చేర్చుకోవాలి, ‘ఇట్ సీమ్స్ టు మీ’ లాగా. మన ‘నాకు’కు అది సరిగ్గా జోడు. నాకు ఇంటర్వ్యూలలో వినిపించే ‘ఐ యామ్ సీమింగ్’ను మాత్రం వదిలేయండి. ‘సీమ్’కు ‘ఇంగ్’ తగిలించడం ఎక్కడోగానీ ఉండదు, ఆ ‘ఐ’ కూడా అక్కడ కూర్చోదు.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. ‘సీమ్’, ‘అపియర్’ ఒకటేనా? ‘హీ డజ్ నాట్ సీమ్ టు నో’, ‘హీ సీమ్స్ నాట్ టు నో’ వీటిలో ఏది కరెక్టు? – నల్లగొండ

మా ఊరివాడివే కాబట్టి మా ఊరి గుడితోనే చెప్తా. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయినవా? పోకపోతే సైకిల్ మీదే పోయిరా. కుందూరు చోడుల కాలం గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక నీడ పడుతుంది. పొద్దున పోయినా, మధ్యాహ్నం పోయినా అక్కడే. ఎదురుగా ఉన్న స్తంభాల్లో ఏదో ఒకదాని నీడ అనుకుంటావు. కానీ పొద్దు కదిలితే స్తంభం నీడ కదలాలె కదా? ఇది కదలదు. ఏ ఒక్క స్తంభానిదీ కాదు, పలు దిక్కుల నుంచి వచ్చే వెలుగు స్తంభాల మధ్య చెదిరి, అన్నీ కలిసి అక్కడ అట్లా పడుతుంది. దీని గురించి రాయాలంటే నేను ‘ద షాడో అపియర్స్ టు బీ దట్ ఆఫ్ ఎ సింగిల్ పిల్లర్’ అనే రాస్తాను. ‘అపియర్’లో కంటి ముందుకు వచ్చింది అన్న పాత అర్థం ఇంకా ఉన్నది, పైగా కొంచెం ఇస్త్రీ బట్టల మాట. రిపోర్టుల్లో, కోర్టు కాగితాల్లో ఎక్కువ. ‘సీమ్’ ఇంట్లో కట్టుకునే లుంగీ. మనసుకు తోచినవాటికి అదే సుఖం. ‘షీ సీమ్స్ హ్యాపీ.’

రెండోదానికి జవాబు, రెండూ కరెక్టే. కానీ ‘డజ్ నాట్ సీమ్ టు నో’ మామూలు మాట, ‘సీమ్స్ నాట్ టు నో’ పుస్తకం మాట. మనం ‘తెలియనట్టుంది’ అని ‘లేదు’ను లోపల పెడతాం, ‘తెలిసినట్టు లేదు’ అని బయట కూడా పెడతాం. వాళ్లు ఎక్కువగా రెండోదాని దారిలో పోతారు. పరీక్షలో ఇంకోటి తప్పకుండా అడుగుతారు. ‘వెళ్లిపోయినట్టున్నాడు’కు ‘హీ సీమ్స్ టు గో’ కాదు, ‘హీ సీమ్స్ టు హావ్ గాన్’. అనిపించడం ఇప్పుడు, పోవడం అంతకుముందు. ఆ ‘హావ్’ లేకపోతే మనిషి ఇంకా పోలేదన్నట్టే.

ప్రశ్న: పేపర్లలో ఫలానా నాయకుడి కొడుకు ‘ఎయిర్ అపారెంట్’ అని రాస్తారు. అపారెంట్ అంటే పైకి కనిపించేది, అంటే ఉత్తుత్తిది అనుకున్నా. మరి వారసుడు ఉత్తుత్తివాడా? – రిటైర్డ్ ఉద్యోగి, సూర్యాపేట

ఉత్తుత్తివాడు కాదు, ఖాయమైనవాడు. ‘అపారెంట్’కు రెండు మొహాలు. ఒకటి ‘స్పష్టంగా కనిపిస్తున్నది’, రెండోది ‘పైకి మాత్రం అట్లా కనిపిస్తున్నది’. వారసుడి విషయంలో మొదటిది. తర్వాత ఎవరు పుట్టినా ఆయన వరస పోదు. వరస పోయే అవకాశం ఉంటే ‘ఎయిర్ ప్రిజంప్టివ్’. ఎలిజబెత్ రాణి 1952లో గద్దె ఎక్కేదాకా ప్రిజంప్టివే, ఎందుకంటే తమ్ముడు పుడితే ఆమె పక్కకు జరగాల్సిందే. ఆమె కొడుకు చార్లెస్ 2022లో రాజయ్యేదాకా అపారెంట్. నక్షత్రాల దగ్గర రెండో మొహం పని చేస్తుంది. ‘అపారెంట్ మ్యాగ్నిట్యూడ్’ అంటే భూమ్మీద నుంచి ఎంత వెలుగు కనిపిస్తున్నదో అది, నక్షత్రం సొంత వెలుగు కాదు. పున్నమి చంద్రుడికి అది మైనస్ 12.7, సిరియస్ చుక్కకు మైనస్ 1.46. ఎంత తక్కువైతే అంత వెలుగు. నిజానికి సిరియస్ ముందు చంద్రుడు ఏపాటి!

మీ రాజకీయ వారసుల్లో ఏ మొహం ఉన్నదో ఎన్నికలైనంక చూద్దాం.

ప్రశ్న: మా మనవడు బడిలో మా ఊరి నీళ్ల గురించి ఇంగ్లిషులో వ్యాసం రాస్తున్నాడు. ‘ఆ నీళ్లు చూడటానికి మంచిగనే ఉండేవి’ అన్న మాటను ‘ద వాటర్ వాజ్ గుడ్’ అని రాశాడు. నాకు నచ్చలేదు కానీ ఏం దిద్దాలో తెలియలేదు. – రైతు, మర్రిగూడ మండలం

మీకు నచ్చకపోవడం న్యాయమే పెద్దాయనా. ‘వాజ్ గుడ్’ అంటే నీళ్లు మంచివే అయిపోయినయ్. ‘సీమ్డ్’ పెట్టొచ్చు, కానీ అది మనసు మాట. ఇక్కడ మోసపోయింది కళ్లు. ‘ద వాటర్ లుక్డ్ క్లీన్.’

నేను అటు దిక్కు పని చేసిన రోజుల్లో చేదబావి కాడ చెంబులో పట్టుకొని చూసేవాణ్ని. అడుగున ఉన్న ఇత్తడి గీత కనిపించేంత తేటగా ఉండేవి. వాసన లేదు, రుచికీ ఏం తేడా లేదు. కానీ వాటిలో పండ్లనూ ఎముకలనూ పాడుచేసేంత ఫ్లోరైడ్ ఉండేది. దానికి రంగు ఉండదు, అంతే. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మన బావుల్లో అది దాటి చాలా దూరం పోయింది. క్లాసులో పిల్లలు నవ్వితే పండ్ల మీద గోధుమ చారలు కనిపించేవి. పెద్దవాళ్లలో కొందరు నడుం వంగిపోయి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేవాళ్లు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టి, దానికి మన ఊరి పేరే పెట్టారు, ‘నల్గొండ టెక్నిక్’ అని. ప్రపంచంలో ఎక్కడెక్కడి పుస్తకాల్లోనో మన పేరు ఉన్నది. ఎందుకున్నదో తలుచుకుంటే ఆ పేరు చూసి సంతోషపడబుద్ధి కాదు.

మీ మనవడికి ఒక సంగతి చెప్పండి. ‘లుక్డ్ క్లీన్’ అని రాసి చుక్క పెట్టినా, ఇంగ్లిషు చదివేవాడు ‘కానీ?’ అని ఆగుతాడు. ఆ ‘కానీ’ని రాయాల్సింది వాడే. ‘ద వాటర్ లుక్డ్ క్లీన్ అండ్ టేస్టెడ్ ఫైన్. మై గ్రాండ్‌ఫాదర్ డ్రాంక్ ఇట్ ఫర్...’ ఎన్నేండ్లో మీరే చెప్పండి, అంకె వాడితోనే వేయించండి. ఆ తర్వాతి వాక్యానికి మీ మోకాళ్లను చూస్తే చాలు, నా సాయం అక్కర్లేదు.

పేజీ నిండింది. గద్వాల పాఠకుడి ‘షల్’, ‘విల్’ పంచాయితీ వచ్చే నెల.